చెరువు ప్రక్క పాత యింటిని విప్పుటకు ముందు

మన పాఠశాలకు పిల్లలను పంపు కుటుంబములలో పలువురికి కోలారు, చిక్కబళ్ళాపురము జిల్లాలలోనో, హోసూరు ప్రాంతముననో ఒక పాత యిల్లు మిగిలియున్నది. కొన్నింట వృద్ధులుందురు, కొన్నింటికి తాళము వేసియుండును. ఉగాదికో, పెద్దల తిథికో పోయి, కసవు ఊడ్చి, దీపము పెట్టి, మరల బెంగుళూరు బస్సెక్కుట ఆచారమైనది. అట్టి యిండ్లలో చాల భాగము ఏదో యొక చెరువునకు దగ్గరగా నుండును. ఈ నడుమ ఇద్దరు ముగ్గురు తండ్రులు మమ్ము కలిసి, "అయ్యవారూ, పాతది పడగొట్టి పిల్లలతో ఉండదగిన ఇల్లొకటి కట్టుకోవాలని ఉంది. మీరు కట్టినారు కదా, ఏమేమి చూసుకోవాలి?" అని అడిగిరి. ఒక్కొక్కరికి వేరుగా చెప్పుటకంటె ఈ సంచికలో వ్రాయుట మేలని తోచినది. మేము ఇంజనీర్లము కాము. ఒక తప్పు చేసి, దానివలన పెద్ద నష్టము కలుగకముందే నిలిచిపోయిన వారము.

మొదట చెరువును గూర్చి చెప్పవలెను. కోలారు సీమలో ఏడాది పొడుగునను పారు నది లేదు. అందుచేత పూర్వులు పల్లములకు అడ్డముగా మట్టికట్టలు వేసి వాననీటిని నిలువచేసిరి. ఒక చెరువు నిండి పొర్లిన నీరు కాలువ వెంబడి దిగువ చెరువునకును, అచ్చటినుండి దాని దిగువ చెరువునకును పోవును. వీనినే గొలుసు చెరువులందురు. ఇల్లు కట్టువాడు తన యెదుట నున్న చెరువు నొక్కదానినే చూచిన చాలదు. ఎగువ చెరువు నిండినను, తెగినను, ఆ నీరు రావలసినది తన వాకిటి యొద్దకే.

"చెరువు ప్రక్క" అను మాటకు మూడర్థములున్నవి. ఇల్లు కట్టకు దిగువ నుండవచ్చును. అచ్చట కట్టలోనుండి ఊట దిగి నేల ఎప్పుడును చెమ్మగా నుండును. కట్ట కొసన, అలుగు దగ్గర నుండవచ్చును. అది పొర్లునీటి దారి, అక్కడ కట్టరాదు, ఇంతకుమించి వ్రాయనక్కరలేదు. మూడవది, నీరు వచ్చి చేరు ఎగువ అంచు. మా యిల్లట్టిది. ఈ మూడవచోటే మనుష్యుని ఎక్కువగా మోసపుచ్చును. ఏలయన, ఎగువ అంచున నేల చాల మెల్లగా వాలియుండును. వాలు నూటికి ఒకటిగా నున్నచో, చెరువులో నీరు ఒక్క అడుగు లేచినంతనే అంచు నూరడుగులు ముందునకు జరుగును. నిన్న దూరమున మెరసిన నీరు నేడు పెరటిలో నుండును.

కావున నేడు నీరున్న చోటు చెరువు హద్దు కాదు. అలుగు నెత్తి ఎంత ఎత్తున నున్నదో ఆ ఎత్తువరకు గల నేలయంతయు చెరువే. దీనినే ఇంజనీర్లు పూర్తి నీటిమట్టమందురు. వరదనాడు అలుగుమీద నీరు కొంత మందమున పారును గదా, అప్పుడు చెరువంతటను మట్టము ఆ మేరకు ఇంకను పైకి లేచును. క్రొత్త యింటి నేల ఎత్తును అలుగుతో పోల్చి నిర్ణయింపవలెను. బాటతో గాని, పొరుగింటితో గాని పోల్చిన ప్రయోజనము లేదు.

దీనికి యంత్రముతో పనిలేని ఉపాయమొకటి కలదు. నిలిచిన నీరు ఎల్లెడల ఒకే మట్టముగా నుండును. చెరువు అలుగు పారిన దినమున నీటి అంచు వెంబడి నడచి, మీ నేల దగ్గర వరుసగా నాలుగు రాళ్ళు పాతిన చాలును. అలుగు మైలు దూరమున నున్నను, ఆ రాళ్ళు దాని నెత్తితో సమమైన ఎత్తున, లేదా ఆనాటి పొర్లు మందమంత ఎక్కువగా, ఉండును. పిల్లలను వెంటబెట్టుకొని పొండు; విజ్ఞానశాస్త్రపు పుస్తకములో నీటిమట్టము పాఠమును ఇంతకంటె బాగుగా చెప్పుట మాకు చేతకాలేదు. అలుగు పారువరకు వేచియుండుటకు వీలులేనివారు సర్వేయరును పిలిపించి అలుగునుండి మట్టము తెప్పించుకొనుడు. మేస్త్రులు వాడు నీటిగొట్టము కొద్ది దూరమునకే పనికివచ్చును.

ఎండిన చెరువు మనలను మరపించును. మా సీమలో చాలయేండ్లు చెరువులు నిండలేదు. బోరుబావులు వందల అడుగుల లోతునకు దిగినవి. చెరువు లోపల తుమ్మలు మొలిచినవి, కుఱ్ఱవాండ్రు క్రికెట్టు ఆడిరి, ఆ తరువాత అంచులలో ఇండ్లు లేచినవి. 2018 జూన్ మాసమునుండి కోరమంగల-చల్లఘట్ట లోయ పథకము క్రింద బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపసాగిరి. ఆ నీరు ఒకదానినుండి యొకదానికి, పూర్వులు వేసిన ఆ గొలుసు వెంబడినే సాగినది. 2021 నవంబరులో భారీ వర్షములు కురిసి కోలారు, చిక్కబళ్ళాపురము జిల్లాలలో అనేక చెరువులు పొర్లినవి. బెంగుళూరివారికి ఈ సంగతి మరియొక విధమున తెలియును. నగర బస్సులు నిలుచు మెజెస్టిక్కు ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు. కంఠీరవ క్రీడాస్థలము సంపంగి చెరువు. 2022 సెప్టెంబరులో నగరపు తూర్పుదిక్కున ధనవంతుల ఇండ్ల వీథులలోనే పడవలు, ట్రాక్టర్లు తిరుగుట మనమందరము చూచితిమి.

ఇక మా తప్పు. మా తాత కట్టినది రెండు గదుల ఇల్లు. ముందు గదికి నాటుపెంకులు, వెనుక గదికి మట్టిమిద్దె. తరువాత మా నాయన నీటివైపున ఒక వంటగది చేర్చెను. అరుగుమీద కూర్చున్నచో చెరువు కనబడును గాని, అది దగ్గర కాదు. మేము అన్నదమ్ములము ముగ్గురము చేరి, పండుగలకు అందరము దిగుటకు చాలునట్టి ఇల్లు కట్టవలెనని నిశ్చయించినప్పుడు, మా చిన్న తమ్ముడు, "అన్నా, ఇంకా కిందికి దిగి కడదాము, కిటికీ తీస్తే నీళ్ళే కనపడాల" అనెను. మాకందరకు అది నచ్చినది. అమ్మ మాత్రము, "మీ తాతకి నీళ్ళు చూసేకి ఇష్టం లేకనా ఇంత దూరంలో కట్టింది?" అని ఒక్కమాట అని ఊరకుండెను. ముసలివారి మాటగా దానిని మేము వినీ విననట్లుంటిమి.

2020 జనవరిలో పాత యింటికి నూరడుగులు దిగువగా పునాది త్రవ్వించితిమి. మూడడుగుల లోతున నల్లని బంకమన్ను పడినది. మరునాటి ఉదయమునకు కాలువలలో చీలమండ లోతు నీరు నిలిచియుండెను. పని ఒప్పుకొన్నవారు, మోటారుతో తోడి కాంక్రీటు పోసిన చాలునని ధైర్యము చెప్పిరి. మేమును సరేయనబోతిమి. మా బంధువులలో సివిల్ ఇంజనీరింగు చదువు కుఱ్ఱవాడొకడు అడ్డుపడి, ఆ మన్నును కొంచెము ఎండబెట్టి, నూరి, జల్లించి, కొలతగీతలుగల రెండు గాజుగొట్టములలో పదేసి గ్రాములు పోసెను. ఒకదానిలో నీరు, రెండవదానిలో కిరసనాయిలు. ఈ దినములలో ఆ కిరసనాయిలు దొరకుటయే కష్టమైనది. ఒక దినము గడచిన తరువాత చూడగా, కిరసనాయిలులోని మన్ను 10 గీత దగ్గర నున్నది. నీటిలోనిది 16 వరకు ఉబ్బినది. అనగా నూటికి అరువది పాళ్ళు పొంగినది. ఏబదికి మించినచో ఆ నేల మిక్కిలి ప్రమాదకరమని ప్రమాణగ్రంథములు చెప్పుచున్నవట.

ఇట్టి మన్ను వానకాలమున పొంగి గోడను పైకెత్తును. ఎండకాలమున ముడుచుకొని, నెఱ్ఱెలు విచ్చి, గోడను క్రిందికి విడుచును. ఇంటి బరువు తక్కువగుకొలది ఈ ఎత్తుబడి ఎక్కువ. అందుకే పెద్ద భవనముకంటె చిన్న యిల్లే ఇట్టిచోట్ల త్వరగా బీటలువారును. దీనికి వైద్యము లేకపోలేదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు వ్యాప్తికి తెచ్చిన పద్ధతిలో, నేలలో లోతుగా గుంతలు తొలిచి, అడుగున కుండవలె వెడల్పుచేసి, కాంక్రీటు నింపుదురు. ఆ కుండ వాన ఎండల మార్పు తగులని లోతున, సామాన్యముగా పదునొకండు పండ్రెండడుగుల క్రింద, కాలూని నిలుచును. కాని నీరూరు నేలలో ఆ పని శ్రమతోను, వ్యయముతోను కూడినది. మేము ఆలోచించుచుండగానే మార్చిలో మహమ్మారి వచ్చి దేశమంతటను పనులు నిలిచిపోయినవి. కాలువలు త్రవ్విన చోటు అట్లే పడియుండెను.

మరుసటి సంవత్సరము నవంబరులో చెరువు అలుగు పారినదని తెలిసి వెళ్ళితిమి. మేము పునాది త్రవ్విన చోట మూడడుగుల నీరున్నది. పాత యింటి అరుగునకు మూడు మెట్లు గలవు. నీరు వచ్చి అట్టడుగు మెట్టును తాకి, అక్కడనే ఆగినది. ఆ దినమున మేమెవ్వరము ఎక్కువగా మాటలాడలేదు. అమ్మ మెట్టుమీద కూర్చుండి కాళ్ళు తడుపుకొనెను.

ఆ పిమ్మట మేము చేసిన మొదటి పని, పాత యింటిని చదువుట. చదువుట యని ఊరక అనలేదు. మా తాతకు అక్షరములు రావు. ఆయన తెలిసికొన్న దంతయు ఆ గోడలయందే యున్నది. మెట్లు మూడేల? అలుగు మట్టమునకు ఎంత పైన నుండవలెనో ఆయన యెరుగును గనుక. చూరు గోడనుండి రెండడుగుల పైగా ముందునకు చాచియున్నదేల? మట్టిగోడకు వానజల్లు తగులకుండుటకు. గోడకు అడుగున మూడడుగులు బండరాయి, పైన మన్ను. చెమ్మ రాతివరకే ఎక్కి నిలిచిపోవుటకు. మిద్దెపైన ఏటేట వానలకు ముందు చౌడుమన్ను పోసి చదునుచేయుట మా చిన్నతనమున చూచితిమి. చౌడు నీటితో తడిసినంతనే నలిగి సన్నని రంధ్రములను పూడ్చివేయును. అందువలన నీరు లోనికి దిగక జారిపోవును. ఏటేట చేయవలసిన ఆ పని ఎప్పుడు నిలిచిపోయినదో అప్పుడే మిద్దె కురియసాగి, దూలములకు చెదలు పట్టినవి. పగుళ్ళును చూచితిమి. తాత గోడలలో పగులు లేదు. నాయన చేర్చిన వంటగది గోడ అతుకు దగ్గర చేయి దూరునంత విచ్చియున్నది. త్రవ్వి చూడగా తాత గదులు ఎర్ర గరుసు నేలమీదను, వంటగది నల్లబంకమీదను నిలిచియున్నవి. ఒకే యిల్లు రెండు నేలలమీద కాళ్ళు పెట్టరాదని అప్పుడు తెలిసినది. పాత యిల్లు విప్పదలచినవారు దాని పగుళ్ళను ముందుగా చూడుడు. వెలలేకయే నేలపరీక్ష జరిగియుండును.

రెండవ పనిని గూర్చి కొంచెము విపులముగా వ్రాయుదుము. అది పిల్లలకు సంబంధించినది. ఇల్లు విప్పుటకు మూడు దినములు ముందుగా కుటుంబములోని పిల్లలను అయిదుగురిని అక్కడికి తీసికొనిపోయి, ఒక నోటుపుస్తకమిచ్చి, ఇంటిలో ప్రతి వస్తువునకు పేరు అడిగి వ్రాయుడని చెప్పితిమి. వారు బెంగుళూరున మూడవ అంతస్తులో పెరిగినవారు. తలుపు, కిటికీ, గోడ వ్రాసి, తరువాత ఏమి వ్రాయుటకు తోచక నిలిచిరి. అమ్మ వారిని వెంటబెట్టుకొని నడచెను. అరుగు, గడప, ద్వారబంధము, గొళ్ళెము, దీపపు గూడు, అటక, దూలము, వాసము, చూరు, ఉట్టి, గాదె, గవాక్షి, పెరడు. గవాక్షి యనునది మిద్దెలో వెలుతురుకై విడిచిన చిన్న కంత; దానిలోనుండి పడిన ఎండచుట్టు గోడమీద ఎక్కడికి వచ్చినదో చూచి మా అవ్వ పొయ్యి ముట్టించెడిది.

పిల్లలలో ఒకతె, "తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాడు అని మా తెలుగు పుస్తకంలో ఉంది, వాసాలంటే ఇవేనా?" అని అడిగి, చాపమీద వెల్లకిల పరుండి నిజముగానే లెక్కపెట్టినది. ముందు గదికి ఇరువదిరెండు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కునా యను సామెతకు అర్థము చెప్పుటకు మేము బడిలో ఎన్నిసార్లో శ్రమపడియుంటిమి; ఆ దినము మా తమ్ముని కొడుకు ఉట్టి నందుకొనబోయి క్రిందపడుటతో ఆ పాఠము ముగిసినది. చూరు పట్టుకొని వ్రేలాడుట యననేమో అంతకుముందే తెలిసికొని యుండిరి. ఈ పలుకుబళ్ళన్నియు ఇంటి పైకప్పులోనుండి పుట్టినవి. కప్పు కాంక్రీటైనప్పుడు మాట ఉండును గాని, దానిక్రింద చూపుటకు వస్తువుండదు. పరాయి భాష నడుమ పెరుగు మన పిల్లలకు ఈ లోటు మరింత ఎక్కువ. ఆంధ్రదేశమున వీథిలో వినవచ్చు మాట ఇచ్చట ఇంటిలోనే వినవలెను.

పరాయి యంటిమి గాని, కన్నడము అంత పరాయిదియు కాదు. ఆ నోటుపుస్తకములోనే ప్రక్క గీతలో కన్నడపు పేర్లను వ్రాయించితిమి. గోడకు వారు గోడె యందురు, తూమునకు తూబు, వాకిలికి బాగిలు. చెరువునకు కెరె. చెరువు, కెరె ఒకే మూలమునకు చెందినవని పిల్లలు మొదట నమ్మలేదు. చెవికి కివి, చెడుటకు కెడు అని ప్రక్కప్రక్కన వ్రాసి చూపగా, కన్నడమునందలి 'క' తెలుగునందు 'చ' యగుట వారికై వారే కనిపెట్టిరి. కాని అలుగును కన్నడమున కోడి యందురని చెప్పగా, చిన్నవాడు చెరువుగట్టున కోడికొరకు చాలసేపు వెదకెను.

మరల ఇంటి సంగతికి వత్తము. 2022లో కట్టిన క్రొత్త యిల్లు పాత యింటి నీటివైపున గాక దాని వెనుక మెరకన, ఎర్ర గరుసు నేలమీద నిలిచియున్నది. నాలుగడుగుల లోతున గట్టినేల దొరకుటచే రాతి పునాదియే చాలినది. దానిపైన చుట్టును ఇనుపచువ్వల కాంక్రీటు పట్టీ వేయించితిమి. నేల 2021 నాటి నీటిగుర్తునకు నాలుగడుగుల పైన నున్నది. తమ్ముని కిటికీ తమ్మునికి దొరకినది. మెరకనుండి నీరు ఇంకను బాగుగా కనబడుచున్నది.

మరుగుదొడ్డి గుంతను గూర్చి ఎవ్వరును అడుగరు గనుక మేమే చెప్పెదము. చెరువు దగ్గర భూగర్భజలము పైననే యుండును. ఇంకుడుగుంత అడుగు ఆ నీటిని తాకినచో మురుగు ఇంకదు; తిరిగి పైకి వచ్చును, లేదా నేరుగా బావిలో కలియును. త్రాగునీటి బావికి 18 మీటర్లకు తక్కువ దూరమున ఇంకుడుగుంత యుండరాదని భారత ప్రమాణము. చెరువు నిండియున్న మాసములలో బావిలో నీరెంత లోతున నున్నదో కొలిచి, దానినిబట్టి గుంత లోతు నిర్ణయించుడు. వేసవిలో కొలిచిన కొలతను నమ్మరాదు.

హద్దుల విషయము. గ్రామపటము తెప్పించి చెరువు సరిహద్దు చూడుడు. కర్ణాటక రికార్డులలో 'బి ఖరాబు' అని వ్రాసియున్న భాగము బాటలు, చెరువులు మొదలగు ప్రజోపయోగమునకు ఉంచినది. అందులో ఒక్క గజము కలిసినను మీ కష్టార్జితము చిక్కులో పడును. చెరువునుండి ఎంత దూరము విడువవలెననుటలో నియమములు మారుచు వచ్చినవి. బెంగుళూరు చెరువులకు 75 మీటర్లని 2016లో జాతీయ హరిత న్యాయస్థానము చెప్పగా, 2019లో సుప్రీంకోర్టు ఆ యాజ్ఞను త్రోసివేసినది. హోసూరు తట్టున తమిళనాడు నియమములు వేరు. కాబట్టి పొరుగువాడు కట్టినాడను ధైర్యముతో కట్టక, స్థానిక కార్యాలయమున వ్రాతమూలముగా తెలిసికొనుడు.

విప్పిన సామానులో ఏది పనికివచ్చును? వాసములు సగము చెదల పాలైనవి. పెంకులు దింపునప్పుడే చాల పగిలినవి. బండరాళ్ళన్నియు క్రొత్త పునాదికి వచ్చినవి. గోడల మన్నును పారవేయబోవుచుండగా, ఇసుక కలిపి, నూటికి ఏడు పాళ్ళు సిమెంటు చేర్చి, యంత్రమున అదిమి ఇటుకలు చేయవచ్చునని తెలిసినది. ఈ విద్యను బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ఏర్పడిన అస్త్ర కేంద్రమువారు బాగుగా అభివృద్ధిచేసిరి. వీనిని కాల్చనక్కరలేదు, మూడు నాలుగు వారములు నీరు చల్లుచు తడిగా నుంచవలెను. ఆ ఇటుకలు ఇంటికంతటికి చాలలేదు, ముందు గదికి మాత్రము చాలినవి. తాత గోడలలోని మన్నే ఆ గదిగోడలలో నున్నది. ద్వారబంధమును కదలింపక ఎత్తి ఆ గదికే పెట్టించితిమి. అది మన ఎత్తువారికి పొట్టిది. ఇంటికి వచ్చిన ప్రతివాడును ఒకమారు తల తగిలించుకొని, తరువాత వంగుట నేర్చుకొనుచున్నాడు.

పాత యిల్లున్న చోట ఇప్పుడు మూడు మెట్లు మాత్రమున్నవి, వానిని విప్పనీయలేదు. క్రింది మెట్టు ప్రక్కన పిల్లలు ఒక రాయి పాతి, 2021 అని రంగుతో వ్రాసిరి. వాసములు లెక్కపెట్టిన పిల్ల నోటుపుస్తకము మన బడి గ్రంథాలయమున నున్నది. అందు తొంబదినాలుగు మాటలు చేరినవి. చివర ఇరువది పుటలు ఖాళీగా నున్నవి. పాత యిల్లు విప్పబోవువారు, విప్పుటకు ముందే, ఒకమారు వచ్చి దానిని తీసికొనిపోవచ్చును.